పువ్వు చూడకుండా కోసిన ఆకు

ఆ పొద్దున ఆకాశం ఎటూ తేల్చుకోలేదు. మబ్బు కొండ మీంచి దిగి దేవదారు చెట్ల నడుముల దగ్గర ఆగిపోయింది. వాన రాలేదు, ఎండా రాలేదు. నీళ్ళు పెట్టిన మళ్ళు మాత్రం ఆ బూడిదరంగునంతా పట్టుకుని మెరుస్తున్నాయి. ఇలాంటి పొద్దున మినోసావా ఊళ్ళో మగవాళ్ళు మడిలో దిగరు. చావడిలో చేరి టీ తాగుతారు. ఈ ఏడాది టీలోకి నంజుకోడానికి వాళ్ళకి ఫుసాయె దొరికింది.

చావడి వెనక గదిలో హత్సుయో కప్పులు కడుగుతోంది. ఆమె మొగుడు తమేజో ఊరి పెద్దల్లో ఒకడు గనక చావడి కప్పులు కడిగే భాగ్యం ఆమెది. మధ్యలో ఉన్నది కాగితం తలుపు. ఎవరు దగ్గినా వినపడుతుంది.

"రేపు పొద్దున పట్నం పోలీసులు వస్తారట. ఫుసాయెని కారెక్కించి తీసుకుపోతారట," అన్నాడు మంగలి కన్సుకే. ఊళ్ళో తలలన్నీ తన చేతికిందే ఉంటాయి గనక తలల్లో ఉన్నదంతా తనకే తెలుసని అతని నమ్మకం.

"ఒక్క కారు సరిపోతుందంటావా?" అన్నారెవరో. అందరూ నవ్వారు.

"ఆ ఒళ్ళేసుకుని ఇద్దరు మొగుళ్ళని ఎలా పట్టిందిరా అసలు?"

"పొట్టలోంచి పట్టింది."

"పట్టి, పొట్టలోంచే పంపించింది!"

మళ్ళీ నవ్వులు. తమేజో నవ్వు అందరికంటే ఒక క్షణం ఆలస్యంగా మొదలై, అందరికంటే ఆలస్యంగా ఆగింది. అది హత్సుయో గమనించింది.

ఆ గదిలో నవ్విన ప్రతి నోరూ ఫుసాయె ఇంట్లో తిన్న నోరే. అల్లం, సోయా వేసి ఆమె పంది మాంసం ఉడికిస్తే తినే పుల్లలతో తాకగానే విడిపోయేది. ఆ వాసన వచ్చిన రోజున ఫుసాయె మొగుడు గెంజిరోతో అందరికీ పని పడేది. ఒకడికి కొడవలి తిరిగివ్వడం గుర్తొచ్చేది. ఒకడికి కాలవ మాట మాట్లాడాలనిపించేది. గుమ్మంలో "అబ్బే, ఇప్పుడే తిన్నాను" అనేవారు. తర్వాత మూడోసారి అన్నం పెట్టించుకునేవారు. ఇంటికెళ్ళే దారిలో మూతి తుడుచుకుంటూ, ఆమె వంగితే చాపలు అణిగిపోతాయని చెప్పుకుని నవ్వేవారు. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడం అన్నిచోట్లా ఉన్నదే. వీళ్ళు లెక్కపెట్టి ఊరుకోలేదు, పీకి పొయ్యిలో పెట్టారు.

ఫుసాయె ఈ ఊరిది కాదు. సెందాయ్‌లో భోజనాల డబ్బాలు కట్టి అమ్ముకునేది. మొదటి మొగుడు గుండె ఆగి పోయాడు. గెంజిరోకి నడివయసు దాటినా పెళ్ళి కాలేదు. పిల్లలు లేని కొండ ఊళ్ళకి కోడళ్ళని తెద్దామని తాలూకా వాళ్ళు ఒక విందు పెడితే, ఆ విందులో అందరికంటే గట్టిగా నవ్విన మనిషిని అతను ఏరుకున్నాడు. బాగానే ఏరుకున్నాడు. మూడేళ్ళలో గెంజిరో బుగ్గలు నిండాయి.

హత్సుయోకి ఆమె అంటే ప్రేమ ఏమీ లేదు. ఉండేట్టు చేయలేదు తమేజో. గెంజిరో ఇంట్లో తిని వచ్చిన ప్రతిసారీ, "ఏమే, ఒకసారి వెళ్ళి ఎలా వండాలో నేర్చుకురారాదూ?" అనేవాడు. నలభై ఏళ్ళు తన చేతి కూడు తిన్న మనిషి ఆ మాటంటే ఏ ఆడదానికైనా ఒళ్ళు మండుతుంది. ఆ మంట ఆయన మీద పోయలేక హత్సుయో ఫుసాయె మీద పోసింది. వీధిలో ఎదురైతే తల వంచి పలకరించేది గానీ ఆగేది కాదు.

గెంజిరో చావు మంచు కరిగిన నెలలో వచ్చింది. ఆ రోజుల్లో కొండ మీద ఆకుకూరలు లేస్తాయి. అన్నిటికంటే ముందు లేచేది జంటపూల ఆకు. దాని పక్కనే, దాని నీడలోనే, అదే చీలికల ఆకుతో నాభి మొక్క లేస్తుంది. మనిషిని ఒక రాత్రిలో తీసుకుపోయే విషం. తేడా తెలియాలంటే మార్గం ఒకటే. జంటపూల ఆకుకి తెల్లపువ్వు వస్తుంది. పువ్వు కనపడిన మొక్కనే కోయాలి. ఇది మినోసావాలో పసిపిల్లలకి కూడా నేర్పుతారు, ముఖ్యంగా ఆడపిల్లలకి.

మగవాళ్ళ లెక్క వేరు. "పువ్వు చూసి కోసేవాడు పట్నంవాడు" అంటారు. కాడ పట్టుకుంటే చాలట, చేతికే తెలుస్తుందట. తమేజో, గెంజిరో ఇద్దరూ ఈ విద్యలో గొప్పవాళ్ళు. తమేజోని అయితే తాలూకా వాళ్ళు కొండ గురువు అని పిలిచి, పట్నం నుంచి వచ్చిన వాళ్ళని అతని వెనక నడిపిస్తారు. వాళ్ళకి మాత్రం అతను పువ్వు చూసే కోయాలని చెబుతాడు. వాళ్ళు పట్నంవాళ్ళు కదా.

ఆ రోజు ఇద్దరూ కలిసే వెళ్ళారు. పువ్వు ఇంకా రాలేదు. కోశారు. కొండ దిగాక గుడ్డ పరిచి చెరిసగం పంచుకున్నారు. సాయంత్రం ఫుసాయె ఆ ఆకుని పిండిలో ముంచి, నూనెలో బజ్జీల్లా వేయించి టెంపురా వేసింది. గెంజిరో సారా తాగుతూ ఒక్కో ఆకే వేడివేడిగా తిన్నాడు. పెదవులు మొద్దుబారుతున్నాయన్నాడు. తర్వాత ఏమీ అనలేకపోయాడు. ఆసుపత్రి బండి కొండ మలుపులు దిగేలోగానే అయిపోయింది.

పోలీసులు వచ్చి తమేజోని అడిగారు. తమేజో వీపు నిటారుగా పెట్టి చెప్పాడు: "మేం కోసింది శుభ్రమైన ఆకు. ప్రతి రెమ్మా నా కంటితో చూశాను. కొండ మీద ఏ తప్పూ జరగలేదు. తర్వాత వంటింట్లో ఏం జరిగిందో నాకు తెలీదు."

ఆ ఆఖరి మాటే ఊరంతా తిరిగింది. వంటింట్లో ఏం జరిగిందో. ఇంకేం కావాలి? పట్నం నుంచి వారపత్రిక వాడొకడు వచ్చి ఫుసాయె ఫొటో తీసుకుని, ఈ ముఖానికి మగాళ్ళు ఎలా పడ్డారని ఊళ్ళో ప్రతి గుమ్మంలోనూ అడిగాడు. ఎలా చచ్చారని మాత్రం ఎవర్నీ అడగలేదు.

చావు జరిగిన ఇంట్లో వాడ ఆడవాళ్ళు వెళ్ళి వండాలి. తాతల నాటి పద్ధతి. గెంజిరో చావుకి ఎవరూ ఆ వంటింట్లో అడుగు పెట్టలేదు. పట్నం నుంచి డబ్బాలు తెప్పించి, గుమ్మం బయటే విప్పుకుని తిన్నారు. ఫుసాయె అస్థికల పెట్టె పక్కన కూర్చుని చూసింది. ఆ డబ్బా తిన్నవాళ్ళలో హత్సుయో ఒకతె. అన్నం చల్లగా, గట్టిగా ఉంది. సగం తిని మూత పెట్టేసింది. పెట్టేయడానికి కారణం అన్నం కాదని ఆమెకి తెలుసు.

ఎందుకంటే ఆ ఆకు తన ఇంటికీ వచ్చింది.

ఆ సాయంత్రం తమేజో వాటాని హత్సుయో ఉడకబెట్టి, నీళ్ళు పిండి, అందులో పిడికెడు ఒక చిన్న పళ్ళెంలో పెట్టి సోయా చుక్క వేసి ఇచ్చింది. అతను రెండు ముక్కలు నోట్లో పెట్టుకున్నాడు. "నాలుక అదోలా ఉందే" అన్నాడు. కాసేపటికి గుమ్మం మెట్టు మీద కూర్చుని కడుపులో ఉన్నదంతా కక్కాడు. సారా పడలేదన్నాడు. తెల్లవారి గెంజిరో కబురు వచ్చింది. తమేజో ముఖం పిండిలా అయిపోయింది. "ఆ పళ్ళెంలోది పారేయ్. ఎవరికీ చెప్పకు," అన్నాడు. హత్సుయో పారేసింది. ఎవరికీ చెప్పలేదు. మొగుడి పరువు అనుకుంది. అంతకంటే ముందు, ఆ లావుపాటి దానికి ఇలాగే కావాలి అని కూడా ఒక్క క్షణం అనుకుంది. ఆ క్షణం ఆమెకి బాగా గుర్తుంది.

ఇప్పుడు కప్పులు కడుగుతుంటే, రేపు పొద్దున కారు అన్న మాట చేతుల్లో నీళ్ళని మరింత చల్లబరిచింది.

పక్కనే కప్పులు తుడుస్తున్న ఇనే, వాడలోనే ఇంకో ఇంటి ఆవిడ, గొంతు తగ్గించి అంది: "వదినా, నాకొకటి అర్థం కాదు. ఆవిడ ఒక్క ఆకు కూడా తినలేదు, తెలిసే తినలేదు అంటున్నారట పోలీసులు. టెంపురా వేసే రోజున మనం ఎప్పుడైనా తిన్నామా?"

హత్సుయో కుళాయి కట్టేసింది. "తుడువు," అంది.

మధ్యాహ్నం డిటెక్టివ్ కుజి ఇంటికి వచ్చాడు. వయసులో చిన్నవాడే, చొక్కా ఇస్త్రీ బాగుంది. తమేజో చెప్పినదంతా మరొక్కసారి విని, రాసుకున్న కాగితం మీద ముద్ర వేయించుకోవాలట. తమేజో అతన్ని లోపలి గదిలో కూర్చోబెట్టి కొండ గురించి చాలాసేపు చెప్పాడు. హత్సుయో టీ పెట్టి, ఊరబెట్టిన ముల్లంగి పెట్టి, గోడ పక్కన కూర్చుంది.

"ఒక్క సంగతే నాకు అంతుపట్టదండీ," అన్నాడు కుజి. "ఎందుకు తినలేదమ్మా అంటే ఆవిడ 'కుదరలేదు' అంటుంది. తన ఇంట్లో, తన పొయ్యి దగ్గర కుదరకపోవడమేమిటి?"

"అదేనండి!" తమేజో తొడ చరిచాడు. "వండిన మనిషి వండింది తినకుండా ఉంటుందా? తెలిసి ఉండాలి గానీ. మా ఇల్లే చూడండి. నేనేం తింటే మా ఆడది అదే తింటుంది, నాతోపాటే."

"ఎప్పుడు?" అంది హత్సుయో.

ఇద్దరూ అటు తిరిగారు. మాట్లాడింది టీ పాత్రేమో అన్నట్టు చూశారు.

"ఏమిటే?"

"మీతోపాటు ఎప్పుడు తిన్నానని అడుగుతున్నాను. నిన్న రాత్రి చేప కాల్చాను కదా. నేనెప్పుడు తిన్నాను?"

"నేను తిన్నప్పుడే తిన్నావు."

"మీ ఎదురుగా ఎవరున్నారు?"

తమేజో ఎదురుగా ఉండేది టీవీ. ఆ సంగతి అతనికి ఇప్పుడే తడుతున్నట్టుంది.

"అయ్యా," అంది హత్సుయో కుజితో, "టెంపురా వేసే రోజు ఆడది కూర్చోదు. నూనె ముందు నుంచి కదిలితే మాడుతుంది. ఆయన ఒకటి తింటుంటే ఇంకొకటి వేగుతుండాలి. చల్లారితే 'ఇదేమిటే, తడిగుడ్డలా ఉంది' అంటారు. ఆయన సారా అయ్యి, అన్నం అయ్యి, పళ్ళు కుట్టుకుంటూ వెనక్కి జరిగాక, అడుగూ బొడుగూ ఏదుంటే అది నిలబడి నోట్లో వేసుకుంటాం. ఆ రోజు గెంజిరోగారు పళ్ళు కుట్టుకునేదాకా రాలేదు. అంతే. ఆవిడ కుదరలేదంది అందుకే. ఈ ఊళ్ళో ఏ ఆడదాన్ని అడిగినా చెప్పేది. మీరు మగవాళ్ళనే అడిగారు."

కుజి టీ కప్పు కింద పెట్టాడు.

"మీ ఇంట్లో మీ ఆవిడ ఎప్పుడు తింటుంది బాబూ?"

కుజి ముల్లంగి ముక్క కేసి చూశాడు. గట్టిగా ఆలోచిస్తే జవాబు దొరుకుతుందన్నట్టు చూశాడు. దొరకలేదు.

"ఆడదాని మాటలు పట్టించుకోకండి. మడి పనుల్లో అలిసిపోయింది," అన్నాడు తమేజో నవ్వుతూ. "వెళ్ళు, వెళ్ళి వేడినీళ్ళు తీసుకురా."

హత్సుయో లేచి వంటింట్లోకి వెళ్ళింది. వేడినీళ్ళు తేలేదు. ఫ్రీజర్ అడుగున, చేపల కింద ఉన్న డబ్బా తీసుకొచ్చి కుజి ముందు పెట్టి మూత తీసింది. లోపల ఉడికించి పిండిన ఆకు ఉండలు, మంచు పట్టి, ముదురాకుపచ్చగా.

"ఇద్దరూ కలిసి కోసి ఒకే గుడ్డ మీద పంచుకున్న ఆకు ఇది. మా వాటా. ఈయన రెండు ముక్కలు తిని నాలుక మొద్దుబారి గుమ్మంలో కక్కుకున్నారు."

"పారేయమన్నాను కదే!"

అరిచాక గానీ తమేజోకి తానేమన్నాడో వినపడలేదు.

"పళ్ళెంలోది పారేయమన్నారు. పారేశాను," అంది హత్సుయో. "డబ్బాలోది మీరు అడగలేదు. ఎంత ఆకు తెచ్చినా పిడికెడు వండి మిగతాది ఉండలు చేసి దాస్తానని నలభై ఏళ్ళుగా మీకు తెలీదు. చలికాలమంతా ఆకుకూర ఎక్కడ నుంచి వస్తోందనుకున్నారు? కొండ మీద నుంచా?"

కుజి ముద్ర వేయించుకోలేదు. డబ్బాని సంచిలో పెట్టుకుని, పరీక్షకి పంపిస్తానన్నాడు. రేపు కారు రాదన్నాడు. తమేజోగారు మళ్ళీ మొదటి నుంచి చెప్పాల్సి ఉంటుందన్నాడు. గుమ్మంలో బూట్లు తొడుక్కుంటూ హత్సుయోకి తల వంచాడు, కాస్త ఎక్కువగానే.

అతను వెళ్ళాక తమేజో ఆమె వైపు తిరిగాడు. "ఇక ఈ ఊళ్ళో తల ఎలా ఎత్తుకోమంటావే?" అన్నాడు.

"ఎత్తడానికి మీకొక తల మిగిలింది. అది చాలదా?"

"గెంజిరో కోసి చూపించాడే. నేను బాగుందన్నాను. అంతే. వాడి చేతికి తెలుసు..."

"చేతికి తెలియలేదు కదా."

"చచ్చినవాడి మీద తప్పెలా వేస్తాను? పరువు పోదూ?"

"చచ్చినవాడి పరువు కాపాడ్డానికి బతికున్నదాన్ని జైల్లో పెట్టిద్దామనుకున్నారు. బాగుంది." హత్సుయో తలకి గుడ్డ కట్టుకుంది. "నేను ఫుసాయె ఇంటికి వెళ్తున్నాను."

"మరి నా కూడు?"

ఆ మాటకి ఆమెకి నవ్వొచ్చింది. కోపం కంటే ముందు నవ్వే వచ్చింది. బయటికి వచ్చి తలుపు మూసింది.

ఫుసాయె ఇంటి తలుపు జరుగుతుందో లేదో అనుకుంది గానీ జరిగింది. లోపల అగరొత్తి వాసన తప్ప మరే వాసనా లేదు. వంటిల్లు చల్లబడి ఉంది. ఫుసాయె అస్థికల పెట్టె పక్కన కూర్చుని దుకాణంలో కొన్న బన్ను తింటోంది. బుగ్గలు జారాయి. అయినా పెద్ద మనిషే.

"ఎవరు? హత్సుయో వదినా?" అంది. "జాగ్రత్త. గాలి పీల్చినా చస్తారట ఇక్కడ."

హత్సుయో గుమ్మం దగ్గరే మోకాళ్ళ మీద కూర్చుని జరిగినదంతా చెప్పింది. ఆకు వాటా, పళ్ళెం, డబ్బా, కుజి. తాను ఇన్నాళ్ళూ నోరు మూసుకున్న సంగతీ చెప్పింది. ఫుసాయె బన్ను నమలడం ఆపలేదు. అంతా విని, మింగి, అంది:

"అయితే రేపటి నుంచి నేను మంచిదాన్నన్నమాట."

ఫుసాయె బన్నులోంచి ఇంకో ముక్క తుంచింది.

"ఆ డబ్బా మొదటి రోజునుంచీ అక్కడే ఉందా?"

"ఉంది."

"మీరూ ఇక్కడే ఉన్నారు. మూడిళ్ళ అవతల."

"ఉన్నాను."

"ఆయన చావుకి మీరంతా గుమ్మం బయట డబ్బాలు తింటుంటే, నేనేమనుకున్నానో తెలుసా? వీళ్ళలో ఒక్కతయినా చెబుతుంది, టెంపురా రోజున ఎవరు తింటారు అని. ఆడవాళ్ళు కదా అనుకున్నాను." ఫుసాయె నవ్వింది. ఊరంతా వెక్కిరించిన ఆ గట్టి నవ్వు కాదు, వేరే నవ్వు. "మగాళ్ళు నా ఒళ్ళు చూసి నవ్వారు, సరే. వాళ్ళు తిని నవ్వారు. మీరు తినకుండానే నవ్వారు."

హత్సుయో చాప మీదికి తల వంచి అలాగే ఉండిపోయింది. తప్పయిందని నోటితో అనలేదు. ఈ ఊళ్ళో ఆ మాట అతి తేలిగ్గా అంటారు, కాలు తగిలినా అంటారు.

"లేవండి వదినా, మోకాళ్ళు పట్టేస్తాయి," అంది ఫుసాయె. తర్వాత, విసుక్కుంటున్నట్టు: "ఏమైనా తిన్నారా?"

"లేదు."

"ఎప్పటినుంచి?"

"పొద్దుటి నుంచి."

ఫుసాయె బన్ను మిగతాది పక్కన పెట్టి లేచింది. లేస్తుంటే చాప అణిగింది. అణిగితే ఏం? పొయ్యి వెలిగించింది. బియ్యం కడిగింది. హత్సుయో అడక్కుండానే పక్కకి వెళ్ళి వెదురు మొలకలు ఒలిచింది. చావు రోజున చేయాల్సిన పని అది. ఇప్పుడు చేసింది. కుజి సంచిలో ఏం పట్టుకెళ్ళాడో అప్పటికే వీధిలో తెలిసిపోయింది. ఇనే ఒక చేతిలో గుడ్లు పట్టుకుని వచ్చింది. గుమ్మంలో ఏదో అనబోయింది. ఫుసాయె కత్తి ఆపకుండా, "కాళ్ళు తుడుచుకుని రా," అంది. ఇనే అనబోయింది మింగేసి లోపలికి వచ్చింది.

సోయా ముద్ద కలిపిన మిసో చారు పొంగుతుండగా బయట ఎవరో దగ్గారు. తమేజో. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో తెలీదు. ఆ వీధిలో అందరూ చూసేలా నిలబడడం అతనికి ఎంత కష్టమో అతని మెడ చెబుతోంది.

"ఇంట్లో..." అన్నాడు. "ఇంట్లో ఏమీ లేదు."

ఎవరూ రమ్మనలేదు. ఎవరూ పొమ్మనలేదు. కాసేపు చూసి, బూట్లు విప్పి లోపలికి వచ్చి, అస్థికల పెట్టె ముందు కూర్చుని అగరొత్తి వెలిగించాడు. చేతులు జోడించి చాలాసేపు ఉన్నాడు. ఏమన్నాడో గెంజిరోకే తెలియాలి. ఫుసాయె అటు చూడలేదు.

బల్ల చుట్టూ ముగ్గురు ఆడవాళ్ళూ కూర్చున్నారు. తమేజో చివర ఒదిగి కూర్చున్నాడు. అతని ముందు గిన్నె లేదు. పెడతారేమోనని చూశాడు. హత్సుయో తన గిన్నెలో అన్నం పెట్టుకుని తినడం మొదలుపెట్టింది. అతను లేచి అలమర తలుపులు ఒక్కొక్కటే తీశాడు. ఒకదాంట్లో పళ్ళేలు, ఒకదాంట్లో కూజాలు, ఒకదాంట్లో గెంజిరో సారా కప్పులు. నాలుగోదాంట్లో గిన్నె దొరికింది. కుండ దగ్గరికి వెళ్ళి గరిటె ఎటు పట్టుకోవాలో తెలియక కాస్త ఒలకబోసుకుని, ఒలికినదాన్ని చేత్తో ఎత్తుకుని, తిరిగొచ్చి కూర్చున్నాడు.

చారులో వెదురు మొలక మెత్తగా ఉంది. అన్నం వేడిగా ఉంది. బాగుందని ఎవరూ అనలేదు. నలుగురూ తల వంచుకుని తిన్నారు.